నీలి మూత డబ్బా

సీసా చిన్నది, మందు మాత్రలు వచ్చే రకం. అందులో ఒకే ఒక్క ముల్లు ఉంది.

ఆస్పత్రి వంటాయన ఆ సీసాని చేపలు కోసే బల్ల మీద ఠక్కున పెట్టాడు. చేతులు కట్టుకోబోయి, కోపంలో అది కుదరక, గడ్డం నిమురుకున్నాడు. రెండు రోజులుగా గీయని గడ్డం గరగరమంది.

"ఎవరిదిది?" అన్నాడు.

కొట్టు వెనక గదిలో ముగ్గురున్నారు. యజమాని, చేపలు కోసే ఇద్దరు ఆడవాళ్ళు.

"నిన్న మధ్యాహ్నం మా దగ్గరుండే లెక్కల టీచరమ్మ గొంతులో గుచ్చుకుంది. ఎనభై రెండేళ్ళ మనిషి. డాక్టరు గారు గొంతులోకి లైటు వేసి, పొడుగు పట్టకారుతో లాగితే ఇది వచ్చింది. ఇంకో ఇద్దరికి నాలిక మీదే తగిలింది, ఊసేశారు కాబట్టి బతికిపోయారు. నేనే బతకలేదు. మా ఆస్పత్రి మేడమ్ నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది."

"అది మా చేపదేనని ఏమిటి నమ్మకం?" అన్నారు కొట్టు యజమాని.

"మీరు కాక మాకు చేపలెవరిస్తారండీ? ఆకాశంలోంచి రాలతాయా?" వంటాయన సంచిలో చెయ్యి పెట్టి ఒక ప్లాస్టిక్ మూత తీశాడు. "ముగ్గురికీ ఒకే డబ్బాలోవి వడ్డించాం. ఇదిగో, దాని మూత."

నీలి మూత.

సూది చూపు దాని మీదే ఆగిపోయింది.

సూది అంటే ఆ కొట్లో ముళ్ళు తీసే మనిషి. అసలు పేరు కాగితాల్లోనే మిగిలిపోయింది. ఎంత సన్నటి ముల్లయినా ఆమె వేలికి దొరుకుతుందని బజారంతా కలిసి పెట్టిన పేరది. ఆమె మొగుడు వ్యానేసుకుని చెరువుల వెంట తిరిగి చేపలు తెస్తాడు. వాళ్ళ అన్నగారే కొట్టు యజమాని, అంటే సూదికి బావగారు. బావగారి భార్య సూదికి తోటికోడలు, ఆమె వరసకి అక్క, పనిలో గురువు. ఇద్దరూ ఒకే బల్లకి చెరో పక్క నిలబడి కోస్తారు. ఎవరి ముక్కలు వాళ్ళ డబ్బాలోకి వెళ్తాయి. అక్కది తెల్ల మూత. సూదిది నీలి మూత.

కోసేది అరచేతి చేపలు. అరచేతిలో పెట్టుకుంటే తోక మాత్రం బయటికి వస్తుంది కాబట్టి ఆ పేరు. పెద్ద చేప ముల్లు కంటికే కనబడుతుంది. ఈ పొట్టి చేపల ముల్లు వెంట్రుక కంటే కాస్త లావు, మాంసం రంగులోనే కలిసిపోతుంది. అందుకే చాలామంది వీటి జోలికి పోరు. మెత్తటి తిండి తప్ప తినలేని ముసలివాళ్ళు ఉండే ఆ ఆస్పత్రికి మాత్రం ఈ చేపే కావాలి, ముల్లు లేకుండా కావాలి. ఏడేళ్ళుగా వారానికి అయిదు రోజులు ఇక్కణ్ణించే వెళ్తోంది.

"నా వేలు దాటి ముల్లు పోదండీ," అంది సూది.

"పోయిందమ్మా. పోయి మా టీచరమ్మ గొంతులో కూర్చుంది. ఇప్పుడామె బాగానే ఉంది, మళ్ళీ చేపెప్పుడు పెడతారని అడుగుతోంది కూడా. కానీ మా మేడమ్ అడగడం లేదు." వంటాయన మళ్ళీ గడ్డం నిమురుకున్నాడు. "సాయంత్రం అయిదింటికి వస్తాను. ఇదెలా జరిగిందో నాకు తేల్చి చెప్పండి. చెప్పలేకపోతే రేపటి నుంచి వద్దు. నా ఉద్యోగం నాకు ముఖ్యం."

అతను వెళ్ళిపోయాక బావగారు సూది మొహం వైపు చూడలేదు. గోడ మీది గడియారం వైపు చూస్తూ అన్నారు. "అమ్మాయ్, నేను నిన్ను అనడం లేదు. కానీ తేలకపోతే రేపటి నుంచి నువ్వు ముందు తూకం దగ్గర కూర్చో. బల్ల దగ్గరికి వేరే మనిషిని చూస్తాను."

"బావగారూ..."

"మనుషుల గొంతులమ్మా ఇవి. నేనేం చెయ్యను?"

అక్క మాత్రం తల ఎత్తలేదు. కత్తి కడిగిందే మళ్ళీ కడుగుతోంది.

తూకం దగ్గర కూర్చోవడం తప్పేమీ కాదు. సగం బజారు చేసేది అదే. కానీ సూదికి పధ్నాలుగేళ్ళుగా తెలిసిన లోకమంతా ఆ బల్లే. ఆమె కత్తి మొప్ప వెనక ఏటవాలుగా దిగుతుంది, వెన్నుముల్లు తగలగానే పడుకుంటుంది, దాని మీదుగా తోక దాకా చిన్న చప్పుడుతో జారుతుంది. ఆ చప్పుడు వింటే కత్తి సరిగ్గా పోతోందో లేదో చెప్పగలదు. ఆ తర్వాత పక్క ముళ్ళ పంజరం పలచగా చెక్కి తీసేస్తుంది. తోలు వలుస్తుంది. ముక్క మధ్యలో మిగిలే సన్న ముళ్ళ వరసని రెండు గీతల్లో కోసి, ఆ చీలికని పీకి పారేస్తుంది. చివరికి ముక్కని తోక పట్టుకుని ఎత్తి, పక్కనున్న తెల్ల పలక మీదికి వాల్చి, కుడిచేతి ఉంగరం వేలితో ఒక్కసారి నిమురుతుంది.

కళ్ళు మూసుకుని నిమురుతుంది. కంటితో చూస్తే వేలు బద్ధకిస్తుందంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేది ఆ ఒక్క క్షణానికే.

ఇప్పుడా వేలు అబద్ధం చెప్పిందంటున్నారు.

ఐసు నీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన వేళ్ళు ఒక రోజు మొద్దుబారతాయని చేపలు కోసేవాళ్ళందరికీ తెలుసు. ముందు చల్లదనం తెలియదు, తర్వాత ముల్లు తెలియదు. ఆ మాట ఎవరూ పైకి అనరు, భయం.

గదిలో ఎవరూ లేని సమయం చూసి సూది తలలోంచి ఒక వెంట్రుక పీకింది. బల్ల మీద పెట్టింది. పైన న్యూస్‌పేపరు ముక్క వేసింది. కళ్ళు మూసుకుని వేలితో నిమిరింది. తగిలింది. రెండో కాగితం వేసింది. తగిలింది. మూడు వేసినా తగిలింది. నాలుగో కాగితం మీద కూడా, ఎక్కడో లోతున, సన్నగా గీత గీసినట్టు తగిలింది.

వేలు బతికే ఉంది. బతకడమేమిటి, నిక్షేపంలా ఉంది.

మరి ముల్లెలా పోయింది?

ఆమె సీసా ఎత్తి కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. అరచేతి చేపదే. మధ్య వరసలోని ముల్లే. కత్తితో కోసిన కొస నున్నగా ఉంది. ఎటు చూసినా తన పనిలాగే ఉంది. చెయ్యి బాగుంటే ముల్లు పోకూడదు, ముల్లు పోయిందంటే చెయ్యి బాగుండకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆమెకి అర్థం కాలేదు.

బుర్ర వేడెక్కిపోయి వెనక తలుపు తీసుకుని బయటికొచ్చింది. పక్క కొట్టు ఐసువాడు దిమ్మ మీద గోనెపట్టా కప్పుతున్నాడు. అందరూ ఐసు మామ అంటారు. చెవిలో పడ్డ మాట ఎవరికి చెప్పకూడదో సరిగ్గా వాళ్ళకే చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"ఏమే సూదీ, నీకు తుప్పు పట్టిందటగా?"

"మామా, ఇప్పుడు నన్ను కదపకు. ఒళ్ళు మండిపోతోంది."

"కదపనులే. ఒక్క మాట అడుగుతా. మీ ఇద్దరికీ మాటలున్నాయా? నీకూ మీ అక్కకీ?"

"ఎందుకు?"

ఐసు మామ అటూ ఇటూ చూశాడు. "బల్ల ఇటువైపు మార్చాక మీ కిటికీ నాకు సినిమా తెరలా కనిపిస్తుంది. నువ్వు ట్రేలు కడగడానికి ఇటు రాగానే మీ అక్క నీ డబ్బా మూత తీస్తుంది. చెయ్యి పెడుతుంది. ఏదో చేస్తుంది. మూత పెట్టేస్తుంది. ఒక రోజు కాదు, రోజూ."

"నీలి మూతేనా?"

"నాకు రంగులు తెలీవనుకున్నావా? నీలి మూతే."

సూది తమ కిటికీ వైపు తిరిగి చూసింది.

బల్ల మార్చిన మాట నిజమే. ఆరు వారాల కిందట సింకు పైపు పగిలి నీళ్ళన్నీ ఐసు కొట్లోకి పారితే, బావగారు బల్లని ఈ కిటికీ కిందికి జరిపించారు. అంతకు ముందు సూదికి ఎడమ పక్కనున్న దీపం కుడి పక్కకొచ్చింది. సింకు కుడి పక్కకొచ్చింది. ముక్కలు వాల్చే తెల్ల పలకా కుడి పక్కకే వచ్చింది. మొదటి రోజు మోచేతులు కొట్టుకున్నాయి. రెండో రోజుకి చేతులు సర్దుకున్నాయి. మూడో రోజుకి ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు.

కానీ అక్క ఎందుకు అలా చేస్తుంది? చెయ్యి పట్టుకుని పని నేర్పిన మనిషి. పెళ్ళయి వచ్చిన కొత్తలో చేపని ముట్టుకోవడానికే భయపడితే, "కరవదే, చచ్చిపోయింది" అని నవ్వించిన మనిషి. నిన్న మొన్నటి దాకా ఒకే పళ్ళెంలో తిన్న మనిషి.

అయినా ఈ మధ్య అక్కలో తేడా ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతోంది. తన చేతుల వైపు చూసుకుంటోంది. చూసి, దొరికిపోయినట్టు చూపు తిప్పుకుంటోంది. బజారులో ఎవరో "సూది చెయ్యి పడితేనే ముక్క" అన్నప్పుడల్లా అక్క మొహం వాడిపోవడం సూది గమనించింది. అలసట అనుకుంది. అసూయేమో అని ఇప్పుడు తోచింది.

తోచినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా కాళ్ళు లోపలికి నడిచాయి.

అక్క టీ తేవడానికి వెళ్ళింది. మేకుకి అక్క ఏప్రన్ వేలాడుతోంది. జేబు ఉబ్బెత్తుగా ఉంది. సూది ఒకసారి తలుపు వైపు చూసి చెయ్యి పెట్టింది. చిన్న రేకు డబ్బీ తగిలింది. దాని చుట్టూ పలచటి గుడ్డ ఒకటి చుట్టి ఉంది. గుడ్డ నిండా అక్కడక్కడా దారాలు లేచిపోయి ఉన్నాయి, ఏదో గీరుకున్నట్టు.

డబ్బీ మూత ఊడబెరికింది.

లోపల ముళ్ళు. పదో ఇరవయ్యో కాదు, గుప్పెడు. అన్నీ ఒకే రకం. సీసాలో ఉన్న రకం.

"అది ఇలా ఇవ్వు."

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు.

"ఇవ్వను," అంది సూది. "ముందు చెప్పు. రోజూ నా డబ్బాలో ఎన్ని పెడుతున్నావు?"

"ఏమిటీ?"

"ముళ్ళక్కా, ముళ్ళు! నేను కడగడానికి వెళ్ళగానే నా డబ్బాలో పెడుతున్నావటగా. ఐసు మామ చూశాడు. నేనేం చేశాను నీకు? ఈ బల్ల ఒక్కదానివే ఏలుకోవాలంటే అడిగితే పోయేదిగా, ఇచ్చేదాన్ని!"

అక్క గ్లాసులు కింద పెట్టింది. టీ ఒలికింది. తుడవలేదు.

"పెట్టడం కాదే పిచ్చిమొద్దూ. తీస్తున్నాను."

"ఏం తీస్తున్నావు?"

"నువ్వు వదిలేసినవి. ఆ డబ్బీలో ఉన్నవన్నీ నీ ముక్కల్లోంచి తీసినవే. ఆరు వారాలుగా తీస్తున్నాను. పలచటి గుడ్డని ముక్క మీద లాగితే ముల్లుకి దారం తగులుకుంటుంది. అలా పట్టుకుని పీకుతున్నాను."

"అబద్ధం."

"అబద్ధమైతే నిన్న ఎందుకు పోయింది ముల్లు? నిన్న ఎవరు లేరు ఇక్కడ?"

నిన్న పదకొండింటికి డబ్బాలు కట్టే వేళకి అక్క లేదు. పన్ను నొప్పి, డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పి పదిన్నరకే వెళ్ళిపోయింది. ముళ్ళు పెట్టే మనిషే అయితే, ఆమె లేని రోజునే ముళ్ళు బయటపడడమేమిటి? ఆమె ఉన్న రోజుల్లో ఒక్కటీ బయటపడకపోవడమేమిటి?

అనుమానం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది. దాని చోట్లో ఇంకా పెద్ద గోల మిగిలింది.

"అయితే ఇవన్నీ నా చేతి మీదుగానే పోయాయా?"

అక్క తల ఊపింది. కళ్ళనిండా నీళ్ళు. "మొదటి రోజు ఒక్కటి కనిపిస్తే పొరపాటనుకున్నాను. మర్నాడు మూడు. అప్పుడర్థమైంది, నీ వేలు మొద్దుబారుతోందని. నీ మొహం చూసి ఎలా చెప్పనే? సూదీ సూదీ అని ఊరంతా పిలుస్తుంటే, నీ సూదికి మొన పోయిందని నేను చెప్పనా? ఇవాళ చెబుతా, రేపు చెబుతా అని ఆ డబ్బీ దాచాను. చూపించి చెబుదామని."

"నా వేలు మొద్దుబారలేదక్కా. నాలుగు కాగితాల కింద వెంట్రుక తెలుస్తోంది."

"నాలుగా?" అక్క కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయింది.

"నాలుగు. కావాలంటే చూడు."

మళ్ళీ వెంట్రుక, మళ్ళీ కాగితాలు. అక్క వెంట్రుక జరిపి జరిపి పెట్టింది. ప్రతిసారీ సూది వేలు సరిగ్గా దాని మీదే ఆగింది. అక్క మొహంలో కూడా ఇప్పుడు అదే అయోమయం. ఇద్దరూ బల్లకి చెరో పక్క నిలబడి ఆ వేలి వైపు చూశారు. అది తమ మనిషి వేలు కాదు, దారి తప్పి వచ్చిన ఎవరి వేలో అన్నట్టు.

"ఒక చేప కొయ్యి," అంది అక్క చివరికి. "నా ముందు కొయ్యి."

సూది కోసింది. మొప్ప వెనక దిగింది, వెన్ను మీదుగా జారింది, పంజరం చెక్కింది, తోలు వలిచింది, మధ్య చీలిక తీసింది. తోక పట్టుకుని ఎత్తి పలక మీదికి వాల్చింది. కళ్ళు మూసుకుని, ఎడమ నుంచి కుడికి, పధ్నాలుగేళ్ళుగా నిమిరినట్టే నిమిరింది.

"శుభ్రంగా ఉంది," అంది.

అక్క గుడ్డ తీసి ముక్క మీద లాగింది. దారం ఆగింది. గోళ్ళతో పట్టి లాగితే అర అంగుళం ముల్లు బయటికొచ్చింది.

సూది ఆ ముల్లుని తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది.

ఆ తర్వాత రెండు గంటలు ఇద్దరూ కోస్తూనే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు. కత్తి మార్చారు. దీపం దగ్గరికి జరిపారు. వేలు వేడినీళ్ళలో ముంచి చూశారు. మధ్య వేలితో ప్రయత్నించారు. ఏం చేసినా అంతే. అయిదారు ముక్కల్లో ఒకదాంట్లో ముల్లు మిగిలేది, వేలు దాని మీద నుంచే వెళ్ళేది, ఏమీ లేదని చెప్పేది. కాగితం కింద వెంట్రుకని పట్టే వేలు, ఎదురుగా ఉన్న ముల్లుని పట్టలేకపోతోంది.

"దెయ్యమేమైనా పట్టిందా ఈ వేలికి?" అంది సూది.

"దెయ్యాలకి వేరే పని లేదా?" అంది అక్క. నవ్వు మాత్రం రాలేదు.

నాలుగూ ముప్పావుకే వంటాయన వచ్చేశాడు. బావగారు అతన్ని వెనక గదిలోకి తీసుకొచ్చారు. బల్ల నిండా ముక్కలు, చెదిరిన న్యూస్‌పేపర్లు, చల్లారిపోయిన రెండు టీలు.

"తేలిందా?" అన్నాడు వంటాయన.

"ముళ్ళు నావేనండీ," అంది సూది. దాచి ఏం లాభం? "ఎలా పోతున్నాయో మాత్రం తెలియడం లేదు."

"అదేం జవాబమ్మా? ఇది పట్టుకెళ్ళి మా మేడమ్‌కి చెబితే నన్ను కూడా ఇక్కడే చేపలు కోసుకోమంటుంది." అతను విసుగ్గా గడ్డం నిమురుకున్నాడు. దవడ నుంచి చెంప మీదికి. గరగర. చెంప నుంచి దవడ మీదికి. చప్పుడు లేదు. మళ్ళీ పైకి. గరగర.

సూది గిర్రున అతని వైపు తిరిగింది.

"ఇంకోసారి నిమరండి," అంది.

"ఏమిటి?"

"గడ్డం. కిందికి."

వంటాయన బావగారి వైపు చూశాడు, ఈ అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు. కిందికి నిమిరాడు. చప్పుడు లేదు.

"ఇప్పుడు పైకి."

గరగర.

సూది ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇందాక అక్క గుడ్డకి తగులుకున్న ముల్లు పీకకుండా ఇంకో ముక్క అలాగే ఉంది. సూది దాన్ని కళ్ళు తెరుచుకుని చూసింది. ఆరు వారాల్లో మొదటిసారి.

వెడల్పాటి తల కొస కుడి వైపుంది. సన్నటి తోక కొస ఎడమ వైపుంది.

"తిరగబడ్డాయి," అంది. గొంతు మారిపోయింది. "అక్కా, ముక్కలు తిరగబడ్డాయి!"

"ఏమంటున్నావే?"

"పాత చోట పలక నా ఎడమ పక్కనుండేది. తోక పట్టుకుని ఎడమకి వాల్చితే తల ఎడమకి పడేది. నేను ఎడమ నుంచి కుడికి నిమిరితే, తల నుంచి తోకకి నిమిరినట్టు. ఇప్పుడు పలక కుడి పక్కనుంది. తోక పట్టుకుని కుడికి వాలుస్తున్నాను, తల కుడికి పడుతోంది. నా వేలు మాత్రం ఇంకా ఎడమ నుంచి కుడికే పోతోంది. తోక నుంచి తలకి నిమురుతున్నానక్కా ఇన్నాళ్ళూ!"

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చేపలు కోసేవాళ్ళకి అంతకు మించి చెప్పక్కర్లేదు. కానీ బావగారు, వంటాయన తెల్లమొహాలు వేసుకుని నిలబడ్డారు.

"మీ గడ్డమేనండీ ఇది," అంది సూది వంటాయనతో. "ముక్కలో మిగిలిన ముల్లు నిటారుగా ఉండదు. కోసిన కొస తల వైపుకి వాలి ఉంటుంది. తల నుంచి తోకకి నిమిరితే ఎదురు తగులుతుంది, గరగర. తోక నుంచి తలకి నిమిరితే వేలి కింద పడుకుంటుంది. నున్నగా ఉంటుంది."

ఆమె ముక్కని అరచేత్తో గుండ్రంగా తిప్పింది. తల ఎడమకొచ్చింది. కళ్ళు మూసుకుంది. నిమిరింది. సగం దూరంలో వేలు టక్కున ఆగింది. కొసన చిన్న రక్తపు చుక్క కనబడింది.

పధ్నాలుగేళ్ళలో ముల్లు గుచ్చుకున్నందుకు ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"మాటలు బాగానే ఉన్నాయి," అన్నాడు వంటాయన. తగ్గాడు కానీ పూర్తిగా తగ్గలేదు. "మా మేడమ్‌కి మాటలు సరిపోవు. నా కళ్ళతో చూసి చెప్పాలి."

"చూడండి," అంది అక్క వెంటనే. ఆమె గొంతు కూడా మారింది. "నేను పది ముక్కలు కోస్తాను. కొన్నిట్లో కావాలనే ముల్లు వదులుతాను. ఎన్ననేది మీ చెవిలో చెబుతాను. దాని కళ్ళకి గంతలు కట్టండి. వెతకనివ్వండి."

సూది గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక అక్క కత్తి వెన్నుల మీద జారుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత గుసగుస. తర్వాత బావగారు తన తువ్వాలుతో ఆమె కళ్ళు కట్టారు. "గట్టిగా ఉందా అమ్మా?" అని అడిగారు, పొద్దుటి మాటకి క్షమించమని అడుగుతున్నట్టు.

మొదటి ముక్క. ముందు బొటనవేలితో వెడల్పు చూసుకుని, తల ఎడమకి తిప్పుకుంది. నిమిరింది. శుభ్రం. రెండోది శుభ్రం. మూడోదాంట్లో ముల్లు ఎదురొచ్చింది. చిన్న పట్టకారుతో లాగి పళ్ళెంలో వేసింది. అయిదోదాంట్లో ఇంకోటి. ఆరోదాంట్లో ఇంకోటి. ఎనిమిదోదాంట్లో ముల్లు చాలా లోతున ఉంది, వెంట్రుక కంటే సన్నం. వేలు ఆగింది, వెనక్కొచ్చింది, మళ్ళీ ఆగింది. లాగింది.

"నాలుగు!" వంటాయన చప్పట్లు కొట్టాడు. "మీ అక్క చెప్పింది నాలుగే. అయిపోయిందమ్మా, గంతలు తీసెయ్. బాప్‌రే!"

"ఇంకా రెండు ముక్కలున్నాయి," అంది సూది.

"వాటిల్లో ఏమీ లేవులే."

అయినా నిమిరింది. మొదలుపెట్టిన వరస మధ్యలో ఆపడం ఆమెకి అలవాటు లేదు. తొమ్మిదోది శుభ్రం.

పదోదాంట్లో వేలు ఆగింది.

పొరపాటేమో అని మళ్ళీ నిమిరింది. పొరపాటు కాదు. ముల్లు. అక్క కావాలని వదిలినవి నాలుగే. ఇది అయిదోది. అక్కకి తెలియకుండా మిగిలింది.

తువ్వాలు వెనక చీకట్లో ఇన్నాళ్ళూ చూసినవన్నీ ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. మాట్లాడుతూ ఆగిపోయి చేతుల వైపు చూసుకునే అక్క. వేలి మీద నమ్మకం లేనివాళ్ళు మాత్రమే కనిపెట్టగలిగే ఆ గుడ్డ ఉపాయం. ఇప్పుడు నలుగురి ముందూ కోయాల్సి వచ్చి ఆ గుడ్డ బయటికి తీయలేకపోయింది. నిన్నటి పన్ను నొప్పి. పన్ను నొప్పన్న మనిషి రాత్రి వేయించిన వేరుశనగలు పటపటా నమిలింది కదా!

నీ వేలు మొద్దుబారుతోందని అక్క అంత తేలిగ్గా ఎందుకు అనుకుందో ఇప్పుడు తెలిసింది. ఆ జబ్బు ఎలా మొదలవుతుందో ఆమెకి సొంతంగా తెలుసు.

వంటాయన బావగారితో గలగలా మాట్లాడుతున్నాడు. మేడమ్‌కి గడ్డం సంగతి ఎలా చెప్పాలో ఇప్పటి నుంచే అభినయిస్తున్నాడు. ఎవరూ బల్ల వైపు చూడటం లేదు. సూది రెండు గోళ్ళతో ముల్లు లాగి పిడికిట్లో మూసింది. తర్వాత గంతలు విప్పుకుంది.

"రేపు పొద్దున్నే పంపండి," అన్నాడు వంటాయన వెళ్తూ. "కానీ రేపు మొదటి ముక్క నేనే తింటాను, నా గొంతు మీదే పరీక్ష. టీచరమ్మ కంటే నాకు భయం ఎక్కువ."

బావగారు అతన్ని సాగనంపి, అటునుంచి అటే పలకని ఎడమ పక్కకి మార్చడానికి వడ్రంగిని పిలవాలంటూ వెళ్ళారు. గదిలో ఇద్దరే మిగిలారు. అక్క హాయిగా ఊపిరి పీల్చుకుని ఒలికిన టీ తుడవబోయింది.

సూది ఆమె ముందు పిడికిలి విప్పింది.

అక్క చూసింది. ఒక క్షణం ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత పళ్ళెంలో ఉన్న నాలుగింటినీ చూసింది. మొహంలో రంగు పోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది సూది.

"రెండేళ్ళు." అక్క కుర్చీలో కూలబడింది. "నిన్న డాక్టరు చల్లనీళ్ళు మానెయ్యమన్నాడు. నీకు ఎలా తెలిసింది?"

"నువ్వే నేర్పావుగా వేలితో చూడమని."

"మీ బావగారికి చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

సూది పిడికిలి మళ్ళీ మూసింది. పొద్దున ఈ మనిషిని శత్రువనుకుంది. మధ్యాహ్నం దేవతనుకుంది. ఇప్పుడేమనుకోవాలో ఆమె బుర్రకి అందలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆరు వారాలు జాలిపడి దాస్తే, ఆ జాలి చివరికి ఒక ముసలామె గొంతులో దిగింది.

"చెబుతాను," అంది. "ఈ పూటే చెబుతాను. నీలా డబ్బీలో దాచిపెట్టుకుని తిరగడం నా వల్ల కాదు."

అక్క తల దించుకుంది.

"కానీ నువ్వు బల్ల వదలవు. కోసేది నువ్వు. నీ కత్తి చప్పుడు ఈ బజారులో ఇంకెవరికీ రాదు. ఐసు నీళ్ళు ముట్టుకోవద్దు, అవి నేను చూసుకుంటాను. నీ ముక్కలన్నీ ఇటు జరుపు, నిమిరేది నేను." సూది సింకు పక్కనున్న రెండు డబ్బాలనీ దగ్గరికి లాక్కుంది. తెల్ల మూత తీసి పక్కన పడేసింది. "ఇక మీద ఒకే డబ్బా."

"మీ బావగారు ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే ఇద్దరం వెళ్ళి తూకం దగ్గర కూర్చుందాం. అప్పుడు చేపలు ఆయనే కోసుకుంటారు."

అక్కకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కత్తి అందుకుని, బుట్టలో మిగిలిన చేపల్లో ఒకదాన్ని బల్ల మీద పెట్టింది. మొప్ప వెనక కత్తి దిగింది. వెన్ను మీదుగా ఆ చిన్న చప్పుడుతో జారింది. ముక్క తీసి, తోక పట్టుకుని ఎత్తి, సూది వైపు వాల్చబోతూ మధ్యలో ఆగింది.

"తల ఎటే?"

సూది కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి చాపింది. "ఇటు."